ఇరవై మూడో ఆధారం

ఆధారాల పట్టికలో కామాలు సరిచేస్తున్నంతసేపూ హేరిమ్‌కి భయం వేయదు. మిగతా పనులన్నిటిలోనూ వేస్తుంది. వ్యాసం రాసేటప్పుడు ప్రతి వాక్యం వెనకా ఎవరో నిలబడి భుజం మీదుగా చదువుతున్నట్టుంటుంది. పట్టిక దగ్గర అలా కాదు. రచయిత ఇంటిపేరు ముందు, ఆ తర్వాత పేరులోని మొదటి అక్షరాలు, వాటి మధ్య చుక్కలుండకూడదు. పత్రిక పేరు కుదించి, వాలు అక్షరాల్లో. సంపుటం అంకె ముదురుగా. పుటలు మొదటిదీ చివరిదీ పూర్తిగా. సంవత్సరం అన్నిటికంటే చివర. పోయినసారి వ్యాసం తిప్పి పంపిన పత్రికలో సంవత్సరం రెండో చోట ఉండేది. ఇప్పుడు అరవై ఒక్క చోట్ల దాన్ని పీకి చివరికి తేవాలి. ఒప్పయితే ఒప్పు, తప్పయితే తప్పు. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఆమెకి ఇంత తేటగా ఉన్న చోటు లోకంలో ఇదొక్కటే మిగిలింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకి ఆమె ఇరవై రెండో ఆధారం దాకా వచ్చింది.

సాయంత్రం ఆరుకి పత్రిక వెబ్‌సైటులో గడువు ముగుస్తుంది. ఆరులోపు సవరించిన వ్యాసం పంపితే, అచ్చుకి ఒప్పుకున్నామన్న ఉత్తరం ఫిబ్రవరి చివరిలోపు రావచ్చు. ఆ ఉత్తరం చేతిలో ఉంటే తీరప్రాంత పరిశోధన సంస్థలో శాశ్వత ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. లేకపోతే దరఖాస్తులో ప్రచురణల కింద ఒక వరుస తగ్గుతుంది. ఆ ఒక్క వరుసకే పేరు పక్కకి పోతుందని ఆమెకి తెలుసు. లాబ్‌లో ఆమె కాంట్రాక్టు ఈ నెలతో ఆఖరు. పొడిగించగల మనిషి యోమ్ ప్రొఫెసర్. ఆయన ఉద్యోగమూ ఈ నెలతోనే ఆఖరు. కారిడార్ చివర ఆయన గదిలో రెండు రోజులుగా అట్టపెట్టెలకి టేపు అంటిస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

వ్యాసం గిమ్ గురించి. అన్నం చుట్టుకు తినే ఆ నల్లటి నాచుకి, సముద్రంలో వలల మీద ఉండగానే, చలికాలంలో ఎర్రతెగులు తగులుతుంది. నీటి చలిని బట్టి ఆ తెగులు ఎప్పుడు లేస్తుందో ఎప్పుడు అణుగుతుందో ముందే చెప్పే లెక్కని ఈ లాబ్ పదేళ్ళుగా కట్టుకుంటూ వచ్చింది. రెండు చలికాలాలుగా ఒక అఖాతంలోని రైతుల ఫోన్లకి ఆ లెక్క ప్రకారం మెసేజ్‌లు కూడా వెళ్తున్నాయి. మొత్తం లెక్క నిలబడింది ఒక వాక్యం మీద: నీరు ఏడు డిగ్రీల కిందికి దిగి మూడు రోజులుంటే తెగులు బీజాలు చచ్చిపోతాయి. ఆ వాక్యం చివర బ్రాకెట్‌లో ఉన్న అంకె ఇరవై మూడు.

పట్టికలో ఇరవై మూడు అంటే పియో అనే ఆయన 1989లో రాసిన తొమ్మిది పుటల నివేదిక. ఇప్పుడు మూతపడిపోయిన ఒక మత్స్య ప్రయోగ కేంద్రం బులెటిన్‌లో, కొరియన్‌లో అచ్చయింది. ఇంటర్నెట్‌లో ఎక్కడా దొరకదు. పత్రిక సంపాదకుడి ఉత్తరంలో చివరి పేరా దాని గురించే: ఈ ఆధారాన్ని మా సమీక్షకులు చదవలేకపోయారు, దయచేసి సంబంధిత పుట ప్రతినీ, ఆ భాగం అనువాదాన్నీ జతచేయండి.

ఉత్తరం వచ్చి రెండు వారాలయింది. రెండు వారాలుగా హేరిమ్ ఆ పేరాని చివరికి నెడుతూ వచ్చింది. ఎందుకు నెడుతోందో తనని తాను అడగలేదు.

"అక్కా, ఇంకా కామాలేనా?" అన్నాడు దోగ్యూ, ఎదుటి బల్ల దగ్గర కప్పు నూడుల్స్ మూత తీస్తూ. ఆమె కంటే ఐదేళ్ళు చిన్న. వ్యాసంలో గ్రాఫు బొమ్మలన్నీ అతనివే, రెండో పేరు అతనిదే. "కామాకింత అని ఇస్తున్నారా ఏంటి వాళ్ళు నీకు?"

"నీ బొమ్మలు లాబ్ ఫోల్డర్‌లోకి ఎక్కించావా లేదా, అది చెప్పు."

"పొద్దున్నే. మూడో బొమ్మలో చుక్కలు లావు చేశాను. ముసలాయన కళ్ళజోడు లేకుండా కూడా మురిసిపోవచ్చు."

"మెల్లిగా అను. తలుపు తీసే ఉంది."

"ఆయనకి ఆ టేపు చప్పుడు తప్ప ఏమీ వినపడదులే. ఇరవై మూడు అయిందా?"

"లైబ్రరీకి వెళ్ళాలి."

దోగ్యూ చాప్‌స్టిక్స్ కప్పు మీద అడ్డంగా పెట్టాడు. "ఇంకా తేలేదా? అక్కా, నువ్వు పందొమ్మిదో దానిలో చుక్క ఎక్కువైందని నిన్న గంటసేపు వెతికినదానివి!"

ఆమె కోటు తీసుకుని లేచింది.

బులెటిన్ లైబ్రరీ నేలమాళిగలో, గోడవారన కదిలే ఇనప అరల్లో ఉంది. చక్రం తిప్పి అరల్ని ఎడం చేసి, ఆ సందులోనే నిలబడి తెరిచింది. నలభై ఒకటో పుట ఆమెకి చూడగానే తెలిసిపోయింది. సారాంశం ఎడమ అంచున ఒక సిరా మరక. ఆ మరకని ఆమె పదకొండేళ్ళ కిందట ఒక ఫోటోకాపీలో చూసింది. సారాంశం నాలుగు వరుసలు. మూడో వరుసలో, "ఏడు డిగ్రీల వద్ద బీజాల కదలిక పూర్తిగా ఆగిపోయింది" అని ఉంది.

ఆమె పుట తిప్పబోయింది. తిరగలేదు. ఆ తర్వాతి కాగితాలు పైఅంచున ఒకదానికొకటి కలిసే ఉన్నాయి. అచ్చువేసిన చోట కోయడం మర్చిపోయారు. మధ్యలోకి వేలు పెట్టి చూస్తే సంచీలా తెరుచుకుంటోంది తప్ప విడిపోవడం లేదు. ముప్పై ఏళ్ళకి పైగా ఈ కాగితాలు ఇలాగే ఉన్నాయన్నమాట.

ఆమె మెడలోని గుర్తింపు కార్డు తీసి, దాని అంచుతో మెల్లిగా కోసింది. పాత కాగితం పొడి ఆమె నల్ల కోటు మీద రాలింది. నిలబడే చదివింది. నలభై ఎనిమిదో పుటలో ఒక పేరా దగ్గర ఆగి మళ్ళీ మొదటినుంచి చదివింది.

"నీటిని తిరిగి పన్నెండు డిగ్రీలకు తెచ్చినప్పుడు, నాలుగో రోజుకి పది తొట్లలో తొమ్మిదింటిలో తెగులు మళ్ళీ కనిపించింది. కాబట్టి చలి బీజాలను చంపుతుందని చెప్పడానికి లేదు. వాటిని నిద్రపుచ్చుతుంది, అంతే."

ముందు ఆమెకి ఏమీ అనిపించలేదు. అరల మధ్య చీకటిగా ఉందనీ, వేలికి కాగితం కోసుకుందనీ మాత్రమే తెలిసింది. తర్వాత, చాలా నెమ్మదిగా, ఇన్నాళ్ళూ కామాల దగ్గర తాను ఎందుకంత హాయిగా ఉండేదో తెలిసింది. పట్టిక ఎప్పుడూ ఆమెని ఒక్క ప్రశ్న అడగలేదు: నువ్వు ఇది చదివావా?

చదవలేదు. ఇరవై ఏడేళ్ళప్పుడు ఆమె లాబ్‌లో అందరికంటే చిన్నది. యోమ్ ప్రొఫెసర్ వ్యాసం రాసే పద్ధతి అప్పుడూ ఇదే. ముందు వాక్యం రాసేస్తారు, చివర ఒక ఖాళీ బ్రాకెట్ పెడతారు. సాయంత్రానికల్లా ఆ బ్రాకెట్‌లో ఏదో ఒకటి పెట్టడం లాబ్‌లో చిన్నవాళ్ళ పని. దానికి తమలో తాము తోక తగిలించడం అని పేరు పెట్టుకున్నారు. ఏడు డిగ్రీల వాక్యానికి మూడు రోజులు వెతికినా తోక దొరకలేదు. నాలుగో రోజు ఎవరిదో పాత థీసిస్ చివర పియో పేరు కనబడింది. లైబ్రరీకి చీటీ రాస్తే మొదటి పుట ఫోటోకాపీ పంపారు. సారాంశం చదివింది. ఆగిపోయింది అని ఉంది. ఆగిపోవడం చచ్చిపోవడం ఒకటే అనుకుంది. లేదు, ఒకటే కాదని అప్పుడే అనిపించింది. ఆ అనిపించడాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, తోక తగిలించి ఇంటికెళ్ళి పడుకుంది.

ఆ పట్టిక ఆ తర్వాత చేతులు మారుతూ వచ్చింది. పాత ఇళ్ళలో తరాలనాటి సోయా పులుసు జాడీ ఉంటుంది. అడుగు ఎప్పుడూ కడగరు, ఏటేటా కొత్తది దాని మీదే పోస్తారు. లాబ్‌లో పట్టిక కూడా అంతే. కొత్తగా వచ్చినవాళ్ళు పాతదాని మీద పోసుకుంటూ పోయారు. అలా పియో నివేదిక పన్నెండు వ్యాసాల్లోకి వెళ్ళింది. జపాన్‌లో ఒకరు వీళ్ళని చూసి రాశారు, చైనాలో ఇద్దరు జపాన్‌వాళ్ళని చూసి రాశారు. పోయిన ఏడాది హేరిమ్ ఆ విదేశీ వ్యాసాలు చదివి, మన మాటకి ఇంత బలం ఉందన్నమాట అని నిజంగానే సంతోషించింది.

పోయిన ఫిబ్రవరి కూడా గుర్తొచ్చింది. మూడు రోజులు నీరు ఆరు డిగ్రీల్లో ఉంది. అఖాతంలో అందరి ఫోన్లకీ 'ఇక భయం లేదు' అని మెసేజ్ వెళ్ళింది. తర్వాత వారం ఎండ కాసింది. క్వాక్ అనే పెద్దాయన ఫోన్ చేస్తే ఎత్తింది హేరిమే. "అమ్మాయ్, మీ మెసేజ్ చూసే వలలు నీళ్ళలో ఉంచేశాను. ఇప్పుడొచ్చి చూడు, ఎవరో రక్తం కక్కినట్టుంది" అన్నాడాయన. వలలు ఎత్తడంలో ఆలస్యం చేసి ఉంటారని యోమ్ ప్రొఫెసర్ అన్నారు. దోగ్యూ బొమ్మలోంచి ఆ అఖాతం తాలూకు మూడు చుక్కలు, అంటే మూడు కొలతలు, తీసేశారు. కింద చిన్న అక్షరాల్లో కారణం రాసింది ఆమే. ఆ వాక్యంలో కామాలన్నీ సరిగ్గా ఉన్నాయి.

మూడు ముప్పావుకి ఆమె తొమ్మిది పుటల ఫోటోకాపీలతో తిరిగొచ్చి దోగ్యూ ముందు పెట్టింది. అతను నలభై ఎనిమిదో పుట చదివి, కాగితాన్ని బోర్లా తిప్పేశాడు.

"ఇది ఇంకెవరికైనా చూపించావా?"

"ఎవరికి చూపిస్తాను?"

"అయితే విను. మొదటి పేజీ పెట్టు. అందులో ఉన్నది ఉన్నట్టే అనువాదం చెయ్యి. ఒక్క ముక్క కలపొద్దు, ఒక్క ముక్క తీయొద్దు. అందులో అబద్ధం ఎక్కడుంది?"

"ఎనిమిదో కాగితంలో ఉంది."

"ఎనిమిదో కాగితం వాళ్ళు అడిగారా? సంబంధిత పుట అన్నారు. ఏది సంబంధితమో చెప్పాల్సింది మనమే కదా." అతను ఒంగి గొంతు తగ్గించాడు. "అక్కా, ఈ లాబ్ ఇంక ఇరవై రోజులు. ఆ తర్వాత నేను ఎక్కడ తేలతానో నాకే తెలీదు. నీ సంగతి చెప్పక్కర్లేదు. తర్వాత తీరిగ్గా సరిదిద్దుకుందాం. వేరే వ్యాసం రాద్దాం."

"ఎక్కడ కూర్చుని రాస్తాం?"

దోగ్యూ చల్లారిపోయిన నూడుల్స్ కప్పు తీసుకుని లేచి వెళ్ళిపోయాడు.

ఆమె కూర్చుని మొదటి పుట అనువాదం చేసింది. చేసి చూద్దాం, అంతే కదా అనుకుంది. పావుగంట పట్టింది. ఎక్కడా తప్పులేని అనువాదం. తొమ్మిది పుటలూ స్కాన్ చేసి, మొదటిదాన్ని మాత్రం దానితో కలిపి, లాబ్ ఫోల్డర్‌లో పత్రిక అడిగిన పేరే పెట్టి, ఇరవై మూడుని కొత్త పద్ధతిలోకి మార్చింది. ఇంటిపేరు, అక్షరాలు, వాలుగా బులెటిన్ పేరు, ముదురుగా సంపుటం, 41–49, చివర 1989. చాలా బాగుంది. పైనున్న ఇరవై రెండింటితో కలిసి ఒకే వరుసలో ఒద్దికగా నిలబడింది. పదకొండేళ్ళ కిందట తను చేసింది ఇదే పని. ఈ రెండింటికీ తేడా బయటివాళ్ళెవరికీ కనబడదు. అప్పుడు ఆమెకి తెలియదు, ఇప్పుడు తెలుసు. తేడా అంతా ఆమె తల లోపల ఉంది. ఎవరూ వచ్చి చూడలేని చోట.

మిగిలిన ముప్పై ఎనిమిదీ సరిచేసింది. వేళ్ళు వాటంతటవే పనిచేశాయి. ఐదు దాటి ఐదు నిమిషాలకి ఫోటోకాపీలు పట్టుకుని ప్రొఫెసర్ గదికి వెళ్ళింది.

యోమ్ ప్రొఫెసర్ పెట్టెల మధ్య నేలమీద కూర్చుని ఉన్నారు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి, పళ్ళ మధ్య టేపు ముక్క.

"వ్యాసం వెళ్ళిపోయిందా?" అన్నారు, టేపు తీసి.

"ఇంకా లేదు సార్. ఇరవై మూడు గురించి అడగాలి."

"పియోదా? మంచి పని అది. ఇప్పుడెవరు చేస్తున్నారు అలాంటి పని." ఆయన ముఖం విచ్చుకుంది. "అందులో గ్రాఫు చూశావుగా? కుడివైపు పేజీలో. ఏడు దగ్గర గీత కొండచరియ విరిగినట్టు పడిపోతుంది. నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. క్లాసులో బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో."

హేరిమ్ చేతిలోని కాగితాలు ఒక్కసారిగా బరువెక్కాయి. తొమ్మిది పుటలూ ఆమె చూసింది. వాటిలో ఉన్నది ఒక్క అంకెల పట్టిక. గ్రాఫు ఎక్కడా లేదు.

"సార్, లోపల ఆయన ఇంకోలా రాశారు. చివర్లో..."

ఆయన చెయ్యి ఎత్తారు. కోపంగా కాదు, తలుపు మెల్లిగా దగ్గరికి వేసినట్టు. "హేరిమ్, అయిదు దాటింది. అన్నీ నువ్వే చూస్తున్నావు, ఇదీ నువ్వే చూడు. ఏ పేజీ పెట్టాలో నీకు తెలుసు. నువ్వు ఏది పెట్టినా నేను తెరిచి చూడను. అంత నమ్మకం నాకు." జేబులోంచి మడత కాగితం తీసి ఇచ్చారు. "పాస్‌వర్డ్. పత్రిక వెబ్‌సైటుది. పంపే బటన్ నువ్వే నొక్కెయ్. ఈ పెట్టెలు సాయంత్రం లారీవాడు పట్టుకుపోతాడు."

ఆమె కాగితం తీసుకుని కారిడార్‌లోకి వచ్చింది. కిటికీలోంచి రేవు కనిపిస్తోంది. ఒడ్డుకి తెచ్చిన వలల్ని క్రేను ఎత్తుతోంది, వాటి నుంచి నీళ్ళు కారుతున్నాయి. మడత విప్పింది. ఆయన చేతిరాతలో ఎనిమిది అక్షరాలు, అంకెలు. కింద అంతా ఖాళీ.

ఈ కాగితం ఆమెకి బాగా తెలిసినదే. వాక్యం ఆయనది, ఖాళీ తనది. ఆయన మోసం చేయడం లేదు. అది ఆమెకి స్పష్టంగా అర్థమైంది. ఆయన నిజంగానే గ్రాఫు చూశారు. ఎవరూ గీయని గ్రాఫుని ఇన్నేళ్ళూ చూస్తూ, బోర్డు మీద గీస్తూ, పిల్లల చేత గీయిస్తూ వచ్చారు. దానికి కింద అంకె వేసి ఇచ్చింది తను. తను అంకె వేశాక ఆయనకి గ్రాఫు కనబడిందా, గ్రాఫు కనబడుతోంది కాబట్టే వాక్యం రాశారా, ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఈ ఖాళీ కూడా తాను నింపితే, రేపటినుంచి ఆయనకి నలభై ఎనిమిదో పుట లేనట్టే. కొన్నేళ్ళకి తనకీ లేకుండా పోతుంది. అది ఆమెని అన్నిటికంటే భయపెట్టింది. ఉద్యోగం పోతుందన్న భయం దాని పక్కన చిన్నదైపోలేదు, అదీ అలాగే ఉంది. రెండు భయాలూ పక్కపక్కనే నిలబడి ఉన్నాయి, కామాతో విడదీసినట్టు.

అయిదున్నరకి మళ్ళీ లోపలికి వెళ్ళింది. తలుపు దగ్గర నిలబడి చెప్పింది, కూర్చుంటే చెప్పలేనని తెలిసి.

"సార్, ఆ తోక తగిలించింది నేను. పదకొండేళ్ళ కిందట. మొదటి పేజీ తప్ప చదవలేదు."

"ఏ తోక?"

"ఇరవై మూడు."

"అది నువ్వా? నేనే వెతికి పెట్టాననుకున్నాను."

"లైబ్రరీలో కాగితాలు కోయకుండా అలాగే ఉన్నాయి సార్. నేను ఇవాళ కోశాను."

"ఇదొక్కటే ప్రతి అని ఎవరు చెప్పారు?" గొంతు పెరిగింది. "నేను ఇంకెక్కడో చూసుంటాను. బూసాన్‌లో చూసుంటాను. నేను చదవని దాని మీద పదేళ్ళు పనిచేశానంటావా? రిటైరయ్యే మనిషితో, గడువుకి అరగంట ముందు వచ్చి..."

"మీరు చదవండి సార్. నలభై ఎనిమిది. నేను ఇక్కడే ఉంటాను."

ఆయన తీసుకోలేదు. ఆమె చాపిన చెయ్యి వెనక్కి తీయలేదు. కింద ఎక్కడో లారీ హారన్ మోగింది. చివరికి ఆయన కళ్ళజోడు కోసం తడుముకున్నారు. అది పెట్టెలో సర్దేశారు. టేపు చింపి, పుస్తకాల మీంచి తీసి పెట్టుకున్నారు. కాగితాలు అందుకుని, చదివారు. పెదాలు కదిలాయి, చిన్నపిల్లవాడు చదివినట్టు.

తర్వాత నలభై ఏడు తిప్పి చూశారు. నలభై ఆరు. మొదటికి వచ్చారు. మళ్ళీ చివరికి.

"గ్రాఫు ఏది?"

హేరిమ్ వంగి అంకెల పట్టిక ఉన్న పుట చూపించింది.

"కుడివైపు ఉండాలి. ఇవి అన్నీ వచ్చాయా? ఏదో పేజీ తప్పింది."

"తొమ్మిదీ ఉన్నాయి సార్."

ఆయన కాగితాల్ని ఒక్కొక్కటిగా నేలమీద పరిచారు. నలభై తొమ్మిదో పుటని వెనక్కి తిప్పి, తెల్లటి వెనకవైపు కూడా చూశారు. హేరిమ్ అక్కడినుంచి కళ్ళు తిప్పుకుని ఆయన బల్ల మీద ఇంకా సర్దని కంప్యూటర్ ముందు కూర్చుంది. పాస్‌వర్డ్ కొట్టింది. గడియారం అయిదు నలభై ఆరు చూపిస్తోంది. జతచేయడానికి సిద్ధంగా ఉన్న మొదటి పుట అనువాదాన్ని తీసేసి, తొమ్మిది పుటల స్కాన్లూ పెట్టింది. సవరించిన వ్యాసం పెట్టే గడిలో ఏమీ పెట్టలేదు. సంపాదకుడికి ఉత్తరం రాసే గడి తెరిచింది.

'మీరు అడిగిన ఇరవై మూడో ఆధారాన్ని ఇప్పుడే పూర్తిగా చదివాము. మేము చెప్పిన మాట అందులో లేదు, అందుకు విరుద్ధమైనది ఉంది. మా లెక్క ఆ మాట మీద ఆధారపడినది కాబట్టి వ్యాసాన్ని ఉపసంహరించుకుంటున్నాము. మేము వదిలేసిన మూడు చుక్కలతో కలిపి మళ్ళీ మొదలుపెట్టాలి. తొమ్మిది పుటలూ జతచేస్తున్నాము.'

చదివి వినిపించింది. వెనక కాగితాలు తిప్పుతున్న చప్పుడు. తలుపు దగ్గర దోగ్యూ నిలబడి ఉన్నాడు, ఎప్పుడొచ్చాడో తెలియదు. అతని కళ్ళు నేలమీద పరిచిన కాగితాల మీదా, వాటి మధ్య మోకాళ్ళ మీద ఉన్న ప్రొఫెసర్ మీదా ఉన్నాయి.

అయిదు యాభై రెండుకి ఆమె కింద పేర్లు రాసింది. అలవాటు ప్రకారం, పని ఎక్కువ చేసింది కాబట్టి తనది మొదట, తర్వాత దోగ్యూది, పెద్దవారిది కాబట్టి ప్రొఫెసర్‌ది చివర.

"ముందు నాది పెట్టు" అన్నారు యోమ్ ప్రొఫెసర్.

ఆమె వెనక్కి తిరిగింది. ఆయన తల ఎత్తలేదు. నలభై ఆరో పుటని వెలుతురుకి ఎత్తిపట్టుకుని, దాని వెనక ఏదైనా కనబడుతుందేమోనని చూస్తున్నారు.

"దీంట్లో ముందు నాది పెట్టు. తర్వాత మీ ఇద్దరివీ."

ఆమె పేర్లు మార్చింది. మధ్యలో కామాలు సరిచూసి, బటన్ నొక్కింది.